తండ్రీకూతుళ్ల డాన్సుకు జోలపాట పెట్టవచ్చా?

తణుకు_అమ్మాయి
ఆరు వారాల్లో డాలస్‌లో నా పెళ్లి. పొద్దున గుడిలో జీలకర్ర–బెల్లం, కన్యాదానం, తలంబ్రాలు, అప్పగింతలు, అన్నీ మన పద్ధతిలోనే. సాయంత్రం విందు మాత్రం అబ్బాయి వాళ్ల పద్ధతి. వాళ్లది ఒహాయో, అమెరికన్ కుటుంబం. వాళ్ల ఆనవాయితీలో కొత్త దంపతుల డాన్సు అయ్యాక పెళ్లికూతురు తండ్రితో ఒక పాటకు డాన్సు చేస్తుంది, తర్వాత పెళ్లికొడుకు తల్లితో.

నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. వయసు 66. ఇంతవరకు ఒక్క అడుగు వేసి ఎరగరు. అడిగితే "నీ ఇష్టమమ్మా, నిలబడమంటే నిలబడతాను" అన్నారు. అన్నమయ్య "జో అచ్యుతానంద" పెడదామని నా కోరిక. చిన్నప్పుడు వేసవిలో కరెంటు పోతే పెరట్లో నులక మంచం వేసి, నాన్న తాటాకు విసనకర్రతో విసిరేవారు. దాని అంచుకు కుట్టిన ఎర్రగుడ్డ అప్పుడప్పుడూ నా బుగ్గకు తగిలేది. ఆ పాట వింటూ నిద్రపోయేదాన్ని. అత్తగారు అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ పాట "ఇజంట్ షీ లవ్లీ" చెప్పారు. తన కూతురు పుట్టిన సంతోషంలో చేసి 1976లో విడుదల చేసిన పాట, అదీ బాగుంది. మీరేమంటారు?

పెళ్లిపందిరి
జోలపాటే పెట్టండి. ఇంకేం ఆలోచించకండి.

తంబూరా_శ్రుతి
నేను ముప్ఫయ్యేళ్లుగా పాఠం చెప్తున్నాను. ఆ కీర్తన మీద నాకున్న భక్తి ఇంతా అంతా కాదు. అందుకే చెప్తున్నాను, దాన్ని డాన్సుకు వాడకండి. మేము నేర్చుకున్న వరుస ఖండచాపు తాళంలో ఉంటుంది. తక తకిట, అంటే రెండూ మూడూ అయిదు మాత్రలు. వాళ్లు వేసే అడుగులు మూడింటికో నాలుగింటికో కుదురుతాయి. అయిదు మాత్రలకు కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి అని వేస్తే తాళం రెండో చుట్టు ఎడమకాలితో మొదలవుతుంది, మూడోది మళ్లీ కుడికాలితో. అలవాటు లేని 66 ఏళ్ల మనిషిని అందరి ముందూ నిలబెట్టి ఈ ఇబ్బంది పెట్టడం ధర్మమా? పైగా అది బిడ్డను పడుకోబెట్టే పాట. పెళ్లినాటి సాయంత్రం పడుకోబెట్టే పాట ఎవరైనా పెడతారా?

డాలస్_డీజే
ఇక్కడ తెలుగు పెళ్లిళ్లు చాలా చేశాను. పాట ఏదైనా రెండున్నర నిమిషాలు దాటనివ్వకండి. స్టీవీ వండర్ పాట ఆల్బమ్‌లో ఆరున్నర నిమిషాలు ఉంటుంది. నాలుగో నిమిషానికి పెద్దవాళ్లకు కాళ్లు లాగుతాయి, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియదు. కత్తిరించి ఇవ్వమని ముందే చెప్పండి.

ఇంకొకటి. పేరు చూసి పాట ఎంచుకోకండి. లూథర్ వాండ్రోస్ 2003లో పాడిన "డాన్స్ విత్ మై ఫాదర్" అడిగేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. చిన్నప్పుడే పోయిన తండ్రి కోసం పాడిన పాట అది. తండ్రి ఎదురుగా నిలబడి ఉండగా అది పెట్టడం నాకు మనసొప్పదు, ఒకసారి మాటలు వినమని బతిమాలతాను.

హనుమకొండ_పెద్దాయన
అమ్మా, తెలుగు పాటే పెట్టు. ఇందులో రెండో మాట లేదు.

నాలుగేళ్ల కిందట హైదరాబాదులో మా అమ్మాయి రిసెప్షన్ జరిగింది. ఈ డాన్సు అక్కడా పెట్టారు. ఇంగ్లీషు పాట. నేను రోజూ ఇంగ్లీషు పేపరు చదివేవాడినే, కానీ పాటలో ఆ మాటలు నాకు పట్టుబడవు. నాలుగు వందల మంది చూస్తుండగా మా అమ్మాయి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో నాకు తెలియలేదు. ఎవరైనా ఏమైనా అన్నారేమోనని చుట్టూ చూశాను. ఇప్పటికీ ఆ వీడియోలో అమ్మాయి ఏడుస్తుంటే నేను పక్కచూపులు చూస్తున్నట్టే ఉంటుంది. తండ్రికి అర్థం కాని పాట తండ్రికి ఎలా అవుతుంది?

గోదావరి_గట్టు
నాకు వేరే సందేహం. ఇందులో అమ్మ ఎక్కడ? కన్యాదానంలో తండ్రి పక్కన తల్లి కూర్చుని నీళ్లు పోస్తేనే ధార. సాయంత్రం ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమంటారా?

తణుకు_అమ్మాయి
వాళ్ల పద్ధతిలో పెళ్లికూతురి అమ్మకు డాన్సు లేదండీ. నేను కొత్తగా ఏదీ పెట్టలేను కదా.

పాత_సంప్రదాయం
అసలు ఈ డాన్సు ఎందుకు? అప్పగింతలు ఉన్నాయి. పాలలో అమ్మాయి చేతులు ముంచి అత్తమామల చేతుల్లో పెట్టేటప్పుడు ఏడవని తండ్రి ఉంటాడా? అభిజ్ఞాన శాకుంతలం నాలుగో అంకంలో కణ్వుడంతటి ముని, అడవిలో ఉండే నాకే ఇంత దుఃఖమైతే సంసారుల సంగతేమిటి అనుకుంటాడు. మన తండ్రీకూతుళ్ల ఘట్టం మనకు ఉంది. పాట కావాలంటే సీతను అత్తవారింటికి పంపే స్త్రీల పాటలున్నాయి, పెద్దవాళ్లను అడిగి పాడించుకోండి.

తణుకు_అమ్మాయి
ఆ పాటలు మా అమ్మమ్మ పాడేది, విన్నాను. అత్తకు ఎదురు చెప్పకు, మామ లేవకముందే లే, పుట్టింటి మాట ఎత్తకు అని సాగుతాయి. వినడానికి బాగుంటాయి, నా పెళ్లిలో మాత్రం వద్దు. అప్పగింతల్లో నాన్న నన్ను వాళ్ల చేతుల్లో పెడతారు. సాయంత్రం ఆ రెండు నిమిషాలు ఎవరికీ ఇవ్వకుండా ఊరికే నా చెయ్యి పట్టుకుని ఉంటారు. నాకు అది కావాలి.

ఎడిసన్_అక్క
పెద్దాయన గారికి నమస్కారం. మీ మాట చదివి రాత్రి నిద్ర పట్టలేదు. నేను కూడా పదేళ్ల కిందట ఇంగ్లీషు పాటే పెట్టుకున్న కూతురిని. ఎందుకో చెప్తాను.

మా ఇంట్లో నాన్నా నేనూ ఒకరితో ఒకరం ప్రేమ అనే మాట ఎన్నడూ అనుకోలేదు. తిన్నావా, డబ్బులున్నాయా, బండి సర్వీసు చేయించావా, ఇవే మా మాటలు. మా పెళ్లికి ముందు ఏడాది ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. అప్పుడు కూడా ఆస్పత్రిలో నేను అడిగింది "చారు పంపించమంటారా" అని. తెలుగు పాట పెడితే రెండో చరణానికి ఇద్దరం కూలబడేవాళ్లం. ఇంగ్లీషులో అయితే ఆ మాట పాట అంటుంది, మేము నిలబడి ఉంటే చాలు. ఆ అడ్డం లేకపోతే నేను ఆయన దగ్గరకే వెళ్లేదాన్ని కాదు.

మీ అమ్మాయి కూడా అందుకే ఎంచుకుందేమో. మీరు అడిగి చూశారా?

తంబూరా_శ్రుతి
భాష సంగతి తర్వాత. తాళం గురించి ఎవరూ జవాబు చెప్పలేదు. ఖండచాపుకు ఎలా అడుగు వేస్తారు?

పెళ్లిపందిరి
ఊరికే నిలబడి ఊగితే చాలదా అండీ?

తంబూరా_శ్రుతి
ఊగడానికైనా లెక్క ఉండాలి. ఉయ్యాల కూడా లెక్క తప్పితే బిడ్డ లేస్తుంది.

హనుమకొండ_పెద్దాయన
ఎడిసన్ అక్కగారూ, మా ఇంటి సంగతి మీకేం తెలుసు? మా అమ్మాయికి నాతో చెప్పుకోలేనిది ఏముంటుంది? పదో తరగతి పరీక్షలప్పుడు రాత్రి ఒంటిగంటకు లేచి టీ పెట్టి ఇచ్చింది నేను. ఇంజనీరింగ్ సీటు వస్తే కౌన్సెలింగ్‌కు రెండు రోజులు మెట్ల మీద కూర్చున్నది నేను. వీసా రోజు చెన్నైలో ఎండలో నిలబడ్డది నేను. ఇవన్నీ తెలుగులోనే జరిగాయి. ఆ ఒక్క రోజు మాత్రం నాకు రాని భాష కావలసి వచ్చిందా? తండ్రికి తెలియని భాషలో చెప్తే అది చెప్పినట్టు కాదు. జనానికి చూపించినట్టు.

ఎడిసన్_అక్క
టీ పెట్టిచ్చారు, మెట్ల మీద కూర్చున్నారు. అవన్నీ చేశారు, ఎవరూ కాదనరు. ఒక్కసారైనా నోటితో ఏమన్నా అన్నారా? మా నాన్న కూడా అన్నీ చేశారు. పిల్లలు ఆ చేసినవాటిలోంచే అర్థం వెతుక్కోవాలి, మీకు మాత్రం పాట మాటమాటా అర్థం కావాలా? జనానికి చూపించడానికి ఏ ఆడపిల్లా నాలుగు వందల మందిలో ఏడవదు. మీ భుజం తడిసింది కదా, దానికి భాష అక్కర్లేదు. మీరు అడగలేదు. అదే మీ బాధ, పాట కాదు.

పాత_సంప్రదాయం
పెద్దవాళ్లతో ఇలాగేనా మాట్లాడేది?

నిర్వాహకుడు
ఒకరి ఇంటి విషయాలు మరొకరు తీర్పు చెప్పవద్దు. పాట గురించి మాట్లాడండి.

ఎడిసన్_అక్క
సరే. పెద్దాయన గారూ, మాట తూలాను, మన్నించండి. మా నాన్న రెండేళ్ల కిందట పోయారు. ఆ పాటకు అర్థమేమిటో ఆయన నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. అడిగి ఉంటే ఒక్కొక్క మాటా విప్పి చెప్పేదాన్ని. అందుకే ఆవేశపడ్డాను.

తంబూరా_శ్రుతి
తణుకు అమ్మాయి గారూ, ఒక దారి ఉంది. అదే సాహిత్యాన్ని తిశ్రగతిలో, మూడు మాత్రల నడకకు మార్చి పాడించవచ్చు. నాకు ఇష్టం లేదు కానీ అడుగు కుదురుతుంది.

హనుమకొండ_పెద్దాయన
రెండు రోజులు ఇటు రాలేదు.

అక్కగారూ, అడగలేదు, నిజమే. పెళ్లయిన నెలకు మా మేనల్లుడితో ఆ పాటకు అర్థం తెలుగులో రాయించుకున్నాను. ఒక కాగితం, రెండు వైపులా. చిన్నప్పుడు నీ బూట్ల మీద నా పాదాలు పెట్టి నడిపించావు అని ఒక చోట ఉంది. మా ఇంట్లో బూట్లు ఎక్కడివి? కానీ నా పాదాల మీద పాదాలు పెట్టి వరండా అంతా తిరిగేది, మూడేళ్లప్పుడు. అది దానికి గుర్తుందని నాకు తెలియదు. ఆ కాగితం బీరువాలో బాండు పేపర్ల కింద పెట్టాను. ఫోన్ చేసి ఏమని మొదలుపెట్టాలో తోచలేదు. మొన్న మొన్న అంటూనే నాలుగేళ్లయింది.

అయినా తెలుగు పాటే పెట్టమంటాను. ఆ రోజే తెలిసి ఉంటే నేను పక్కకు చూసేవాడిని కాదు.

పెళ్లిపందిరి
పెద్దాయన గారూ, చదువుతుంటే కళ్లు తడిశాయి.

ఎడిసన్_అక్క
ఆ కాగితం ఫోటో తీసి పంపండి. వేరే మాటలు అక్కర్లేదు.

తణుకు_అమ్మాయి
మీ మాటలు చదివాక నిన్న రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. జోలపాట సంగతి చెప్పాను, ఇంగ్లీషు పాట అర్థం కూడా చెప్పాను. మీరు పాడేవారు కదా నాన్నా, అదే పెడదాం అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేనెప్పుడు పాడాను? నాకు రాగం ఎక్కడిది? అది మీ అమ్మ. లోపల వంటిల్లు సర్దుకుంటూ పాడేది. నేను విసిరేవాడిని, అంతే" అన్నారు.

ఇన్నేళ్లూ నాన్న గొంతు అనే అనుకున్నాను. కళ్లు మూసుకుని ఉంటాను కదా, చెయ్యి ఆయనది కాబట్టి గొంతూ ఆయనదే అనుకున్నానేమో. గోదావరి గట్టు గారు మొదటి రోజే అడిగారు, నేను ఒక్క ముక్కలో తోసేశాను. ఫోనులో వెనకనుంచి అమ్మ "ఇప్పుడెందుకవన్నీ" అంటోంది.

మైకులో పాడమంటే ససేమిరా అంది. అంతమందిలో తన వల్ల కాదంది. అందుకని నాన్న ఇవాళ వంటింట్లో ఫోను పెట్టి రికార్డు చేసి పంపారు. రెండు నిమిషాల పది సెకన్లు. దాన్నే పెడుతున్నాను.

గోదావరి_గట్టు
అమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఆమె పాడుతోందని పాటకు ముందే అందరికీ చెప్పించండి.

తణుకు_అమ్మాయి
తప్పకుండా చెప్పిస్తానండీ.

డాలస్_డీజే
రికార్డు పంపండి. వెనక గిన్నెల చప్పుడు ఉంటే తీసేస్తాను.

తణుకు_అమ్మాయి
వద్దండీ, ఉంచండి.

తంబూరా_శ్రుతి
నాకూ వినిపించండి. అమ్మగారు ఏ నడకలో పాడారో చూసి, నాన్నగారు ఎక్కడ అడుగు వెయ్యాలో గుర్తులు పెట్టి పంపుతాను.

ఎడిసన్_అక్క
పెద్దాయన గారూ, పంపారా?

హనుమకొండ_పెద్దాయన
ఫోటో కాదు, ఫోనే చేద్దామని కూర్చున్నాను. అక్కడ ఇంకా తెల్లవారలేదు.