కొత్త దేశంలో ఇల్లు: ఏరియా స్కోరు 88 అంటే నమ్మొచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. దిగి పది రోజులైంది. ఇంకా తాత్కాలిక గదిలోనే ఉన్నాం. ఒక ఇల్లు నచ్చింది, ఆ ఏరియాకు నడక స్కోరు (నడిచి అవసరాలు ఎంత తేలిగ్గా తీరతాయో చెప్పే మార్కు) వందకు 88 అని చూపిస్తోంది. మాకు కారు లేదు, పాపకు నాలుగేళ్లు. సంవత్సరం అద్దె ఒప్పందానికి సంతకం పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆగండి, సంతకం పెట్టకముందు ఒక్క పని చేయండి. ఆ 88 ఏరియా మొత్తానికి సగటు. మీరు నడిచేది మీ గుమ్మం నుంచి.

మేం వచ్చిన కొత్తలో మ్యాపులో స్కూలు 350 మీటర్లే కనిపించింది. మధ్యలో రైలు పట్టాలున్నాయి. వంతెన దాకా వెళ్లి, ఎక్కి, దిగి, మళ్లీ వెనక్కి వస్తే 1,400 మీటర్లు తేలింది. వానలో బాబును చంకన వేసుకుని ఆ మెట్లెక్కిన రోజులు నాకింకా గుర్తే. కాకి ఎగిరే దూరాన్ని ఎప్పుడూ నమ్మకండి.

అందుకే ఐసోక్రోన్ గీయండి. అంటే మీ ఇంటి నుంచి 15 నిమిషాల్లో నడిచి చేరగలిగినంత మేర. ఓపెన్‌రూట్‌సర్వీస్ అనే వెబ్‌సైట్‌లో చిరునామా ఇస్తే ఉచితంగా వస్తుంది. 2004 నుంచి వాలంటీర్లు కలిసి గీస్తున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రోడ్ల మీదే అది లెక్క వేస్తుంది. ఆకారం గుండ్రంగా రాదు. ఒకవైపు వేళ్లలా సాగుతుంది, ఇంకోవైపు కత్తిరించినట్టు ఆగిపోతుంది. ఆగిపోయిన చోటే మీరు చూడాల్సింది. అక్కడ హైవేనో, కాలువో, పెద్ద ప్రహరీనో ఉంటుంది.

బస్సు సంగతి కూడా అంతే. స్టాపు ఉండటం వేరు, బస్సు రావడం వేరు. చాలా నగరాల రవాణా సంస్థలు టైమ్‌టేబుళ్లను జీటీఎఫ్ఎస్ అనే ఫార్మాట్‌లో బయటపెడతాయి, మ్యాప్ యాప్‌లు వాడేది అదే. బయలుదేరే సమయాన్ని ఆదివారం రాత్రి 8 గంటలకు మార్చి చూడండి.

పచ్చదనానికి 3-30-300 అని ఒక కొలత ఉంది: ఇంట్లోంచి 3 చెట్లు కనిపించాలి, పేటలో 30 శాతం చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్లలోపు పార్కు ఉండాలి. చిన్న పిల్లలున్న ఇంటికి ఆ చివరిదే ముఖ్యమని నా అభిప్రాయం.

ఇంకో జవాబు: పై మాటలన్నీ నిజమే, ఒక్కటి కలుపుతాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కొన్ని పేటల్ని ప్రతి బెంచీతో సహా గీస్తారు, కొన్నింటిని ఎవరూ ముట్టుకోరు. ఖాళీగా కనిపిస్తే అక్కడ ఏమీ లేదనుకోవద్దు.

నేరాల మ్యాపు చూసి హడలిపోకండి. పెద్ద రైల్వే స్టేషన్ ఉన్న వార్డు చాలాసార్లు ఎర్రగానే ఉంటుంది. రోజంతా వేలమంది వచ్చిపోతుంటారు, లెక్కేమో అక్కడ నివసించే కొద్దిమందితో భాగిస్తారు. పైగా వార్డు హద్దు కాస్త జరిపితే అవే సంఘటనలతో రంగు మారిపోతుంది. నేనైతే వార్డు రంగు వదిలేసి, మా వీధికి దగ్గర్లో ఏ వేళ ఏం జరిగిందో చూసుకుంటాను.

గాలికి మాత్రం నేను పట్టు విడవను. పీఎం 2.5 (గాల్లోని అతి సన్నని ధూళి) ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని 2021లో డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది. చాలా నగరాలు అది దాటేస్తాయి, కాబట్టి రెండు ఇళ్లను పోల్చుకోవడానికి వాడండి. సెన్సర్ ఎక్కడుందో కూడా చూడండి. పార్కు మధ్యలో పెట్టిన సెన్సర్ మెయిన్ రోడ్డు మీది బాల్కనీ గురించి చెప్పలేదు.

అడిగినవారు: అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడే గీశాను. పార్కు మ్యాపులో పక్కనే ఉంది, కానీ గీత దక్షిణం వైపు హైవే దగ్గర ఆగిపోయింది. ఒకచోట మాత్రం సన్నగా అవతలికి దాటింది. అండర్‌పాస్ అనుకుంటాను.

జవాబు: అయితే రేపు సాయంత్రం చీకటి పడ్డాక పాప స్ట్రోలర్‌తో అందులోంచి ఒకసారి నడవండి. లైట్లు వెలుగుతున్నాయా, మెట్లున్నాయా, ర్యాంపు ఉందా చూసి ఇక్కడే రాయండి. ఆ తర్వాత సంతకం సంగతి మాట్లాడుకుందాం.