ఊకె హ్యాంగ్ అయ్యే ఇంటి సిస్టమ్: ముందు ఫార్మాటా, ముందు పరీక్షా?

నయీంనగర్_డెస్క్‌టాప్:
హనుమకొండల ఇంట్ల వాడే సిస్టమ్. ఐ5-10400, హెచ్410 బోర్డు, 8 జీబీ ర్యామ్‌లు రెండు (స్పీడ్ ఒకటిది 2666, ఇంకోటిది 3200, కంపెనీలు వేరు). విండోస్ 10 ఉన్నది 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీల. పాత 1 టీబీ హార్డ్ డిస్క్ కూడ లోపలనే ఉన్నది. ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) క్యాబినెట్‌తోని వచ్చిన 450 వాట్లది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడుస్తది. ఎప్పుడు పడితే అప్పుడు హ్యాంగ్ అయితుంది. బ్లూ స్క్రీన్ రాదు, పవర్ బటన్ ఒత్తి పట్టుకొని ఆపాల్సిందే. ఒక షాపుల ఫార్మాట్ కొడితే పోతదన్నరు, ఇంకో షాపుల మదర్‌బోర్డు పోయిందన్నరు. ముందు ఏం చేయాలె?

ఓరుగల్లు_సర్వీస్:
ముందు ఫార్మాటే. ఏండ్ల తరబడి వాడిన విండోస్‌ల ఏమేం పేరుకపోయి ఉంటయో బయటికెళ్లి చూస్తే తెల్వదు. రెండు యాంటీవైరస్‌లు ఒకదానికొకటి అడ్డం పడుతుంటయి, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఉంటది, పాత ప్రింటర్ డ్రైవర్ ఉంటది. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ నిండిపోతే రాత నెమ్మదిస్తది. కనీసం 15 శాతం ఖాళీ లేకుంటే అదొక్కటే చాలు సిస్టమ్ ఆగి ఆగి నడవనీకి. వీటిని ఒక్కొక్కటి పట్టుకోవాలంటే రెండు రోజులు. శుభ్రంగ ఇన్‌స్టాల్ చేస్తే రెండు గంటలు. ఆ తర్వాత కూడ హ్యాంగ్ అయితే హార్డ్‌వేరే అని తేలిపోతది. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 10వ తరం ప్రాసెసర్‌కు విండోస్ 11 పడుతది. ఎట్లైనా మార్చాల్సిందే కద.

కాజీపేట_జంక్షన్:
అన్నా, ఆ "తేలిపోతది" అన్న మాట దగ్గరనే నాకు అభ్యంతరం. ఫార్మాట్ కొడితే ఏదీ తేలదు. డిస్కుల చదవరాని సెక్టార్ (డేటా దాచే చిన్న గడి) ఉన్నదనుకోండి. దాన్ని చదవబోయినప్పుడల్లా డిస్క్ మల్ల మల్ల ప్రయత్నిస్తది, అప్పటిదాక విండోస్ ఎదురుచూస్తది. చూసేటోళ్లకు అది హ్యాంగ్. అదే సెక్టార్ మీద కొత్తగ రాస్తే డిస్క్ దాన్ని పక్కకు పెట్టి, తన దగ్గర దాచుకున్న మంచి సెక్టార్‌ను ఆ చోట వాడుతది. ఫార్మాట్ చేసి విండోస్ ఎక్కించినప్పుడు జరిగేది ఇదే. నెలో రెండు నెలలో మంచిగ నడుస్తది, అందరూ సాఫ్ట్‌వేర్ తప్పే అనుకుంటరు. ఆలోపు ఇంకో చోట సెక్టార్ పోతది. ఈసారి దాంట్ల పిల్లల ఫొటోలు ఉండొచ్చు. ఈవెంట్ లాగ్‌లు (ఎప్పుడేం జరిగిందో విండోస్ రాసుకునే చిట్టా) కూడ ఫార్మాట్‌ల పోతయి, అంటే ఉన్న ఒక్క సాక్ష్యం మనమే చెరిపినట్టు.

నయీంనగర్ తమ్మీ, ఈసారి హ్యాంగ్ అయినప్పుడు పవర్ బటన్ ముట్టకముందు క్యాప్స్ లాక్ నొక్కి చూడు. లైట్ వెలిగి ఆరుతుంటే విండోస్ లోపల బతికే ఉన్నది, డిస్కు కోసమో గ్రాఫిక్స్ కోసమో ఆగింది. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగు కీలు ఒకేసారి నొక్కు. గ్రాఫిక్స్ డ్రైవర్ మల్ల మొదలైతది, బొమ్మ తిరిగి వస్తే దొంగ దొరికినట్టే. మౌస్ కదులుతుంది కాని ఏది నొక్కినా తెరుచుకుంటలేదంటే అనుమానం డిస్కు మీదికి పోవాలె. లైట్ కదలక, పాట వింటుంటే ఒకటే శబ్దం గీక్కుంట ఆగిపోతే అది పూర్తి హ్యాంగ్: ర్యామ్, బోర్డు, ప్రాసెసర్, కరెంటు, లేదంటే కింది స్థాయి డ్రైవర్. ఈ మూడింటికీ మందు వేరు. మూడింటికీ ఫార్మాట్ అంటే ఎట్ల?

ఓరుగల్లు_సర్వీస్:
ఈవెంట్ లాగ్ సాక్ష్యం అంటున్నవు. చాలామంది అందుల 41 నంబరు, కెర్నల్ పవర్ అని కనపడంగనే ఎస్‌ఎంపీఎస్ పోయిందని కొత్తది కొనిపిస్తున్నరు. అది చూసుడుకంటే చూడకపోవుడే నయం.

కాజీపేట_జంక్షన్:
41 గురించి మీరన్నది నిజమే. అంతకుముందు సరిగ్గ షట్‌డౌన్ కాలేదు అన్న సంగతి తప్ప అది ఏం చెప్పదు. బటన్ ఒత్తి పట్టి ఆపినా అదే పడుతది. చూడాల్సింది దానికి ముందు ఐదు పది నిమిషాలల్ల ఏం పడ్డదని. స్టార్ట్ మీద రైట్ క్లిక్, ఈవెంట్ వ్యూయర్, విండోస్ లాగ్స్, సిస్టమ్. డిస్క్ పేరుతోని 7 నంబరు ఉంటే బ్యాడ్ బ్లాక్, అంటే డిస్కుల పాడైన చోటు. 153 ఉంటే డిస్కుకు చెప్పిన పని మల్ల చెప్పాల్సి వచ్చింది. స్టోర్ ఏహెచ్‌సీఐ పేరుతోని 129 ఉంటే డిస్కు జవాబియ్యక రీసెట్ కొట్టాల్సి వచ్చింది. డిస్‌ప్లే పేరుతోని 4101 అంటే గ్రాఫిక్స్ డ్రైవర్ ఆగి మల్ల లేచింది. వీయా లాగర్ (WHEA-Logger) పేరుతోని 18 కనపడితే అది హార్డ్‌వేర్ లోపమే, ఆ సిస్టమ్‌కు ఫార్మాట్ దండగ. ఏం పడకుండ నేరుగ 41 పడితే అది కూడ సమాచారమే: రాసుకునే తీరిక కూడ లేకుండ ఆగిపోయింది.

తర్వాత డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో సాఫ్ట్‌వేర్ పెట్టి రెండు డిస్కులూ చూడు. సీ5 (పెండింగ్ సెక్టార్లు), సీ6 (సరిచేయలేనివి) రెండూ సున్నా ఉండాలె. 05 (పక్కకు పెట్టిన సెక్టార్లు) కొద్దిగ ఉండి పెరగకుంటే భయం లేదు, వారం వారం పెరుగుతుంటే డిస్క్ పోతున్నట్టే. సీ7 (డేటా వచ్చే దారిల తప్పులు) పెరుగుతుంటే డిస్కు తప్పు కాదు, చాలాసార్లు సాటా కేబుల్ తప్పు. వంద, నూటయాభై రూపాయల కేబుల్ మారిస్తే పోయేదానికి ఫార్మాట్ కొడుతున్నరు, బోర్డు మార్పిస్తున్నరు. నిజంగ బాధనిపించేది ఇదే.

విండోస్ ఎస్‌ఎస్‌డీల ఉన్నది కద, పాత హార్డ్ డిస్క్‌తోని ఏం సంబంధం అనుకోకు. అది జవాబియ్యకుంటే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆగిపోతది, దాని ఎంబడి మొత్తం స్క్రీన్ బిగుసుకున్నట్టు కనపడుతది. ప్లగ్గు పీకి, ఆ 1 టీబీ డిస్కుకు డేటా కేబుల్, పవర్ కేబుల్ రెండూ తీసేసి మూడు నాలుగు రోజులు నడుపు. పైసా ఖర్చు లేని పరీక్ష, మొదలు ఇదే చెయ్యాలె.

నక్కలగుట్ట_వైరింగ్:
ఇద్దరూ డిస్కు దగ్గరే ఆగిపోయారు. కరెంటు సంగతి కూడా చూడాలి. ముందు ఇన్వర్టర్ వెనక మోడ్ స్విచ్ చూడండి. ఎకో లేదా నార్మల్ మోడ్‌లో ఉంటే సుమారు 100 నుంచి 290 వోల్టుల దాకా ఏది వచ్చినా అలాగే లోపలికి పంపుతుంది, బ్యాటరీ మీదికి మారడానికి కూడా ఎక్కువ సమయం తీసుకుంటుంది. యూపీఎస్ మోడ్‌లో ఆ పరిధి సుమారు 180 నుంచి 260, మారడం కూడా వేగంగా జరుగుతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ కరెంటు తెగినా 16, 17 మిల్లీసెకన్లు నిలబెడుతుంది. క్యాబినెట్‌తో వచ్చే చవకరకం, అందులోనూ కెపాసిటర్లు ముసలివైతే, అంత నిలబెట్టదు. కంప్యూటర్ ఉన్న ఇంట్లో ఇన్వర్టర్ యూపీఎస్ మోడ్‌లోనే ఉండాలి.

క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటోందా? అయితే ఎర్తింగ్ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఎర్త్ లేని క్యాబినెట్ మీద సుమారు 115 వోల్టులు, అంటే సరఫరాలో సగం, తేలుతూ ఉంటుంది. కరెంటు స్వల్పమే కానీ యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ తీగలు పెట్టేటప్పుడు పోర్టులు దెబ్బతినొచ్చు. త్రీపిన్ సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ మధ్య 230 దగ్గర, ఫేజ్, ఎర్త్ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. ఇది ఎలక్ట్రీషియన్‌తోనే కొలిపించండి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎర్త్ గుంత ఎండిపోయి ఎర్తింగ్ బలహీనపడుతుంది, నీళ్లు పోస్తూ ఉండాలి. వోల్టేజీ వీధి మొత్తానికీ ఎగుడుదిగుడుగా ఉంటే కరెంటు సంస్థ నంబరు 1912కు ఫిర్యాదు రాయించండి.

కాజీపేట_జంక్షన్:
మంచి సంగతులు సార్. ఒక్క మాట మాత్రం: కరెంటు క్షణం తెగితే సిస్టమ్ ఎక్కువగా రీస్టార్ట్ అయితది లేదా ఆగిపోతది. స్క్రీన్ మీద బొమ్మ అట్లనే ఉండి బిగుసుకపోవుడు తక్కువ. మన తమ్ముడిది బిగుసుకపోయే రకం.

నక్కలగుట్ట_వైరింగ్:
సరఫరా తెగినప్పుడు మీరన్నదే నిజం. ఎస్‌ఎంపీఎస్ అవుట్‌పుట్‌లో అలలు (వోల్టేజీలో వేగంగా వచ్చే చిన్న హెచ్చుతగ్గులు) పెరిగితే మాత్రం ఆగిపోకుండానే ర్యామ్, ప్రాసెసర్ తప్పు లెక్కలు వేస్తాయి, బిగుసుకుపోతాయి. మామూలు మల్టీమీటర్‌లో ఆ అలలు కనిపించవు. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే నాలుగు పిన్నుల కనెక్టర్‌లో పసుపు, నలుపు తీగల మధ్య 11.4 నుంచి 12.6, ఎరుపు, నలుపు తీగల మధ్య 4.75 నుంచి 5.25 వోల్టులు ఉన్నాయంటే దాటాల్సిన మొదటి గడప దాటినట్టే, అంతకుమించి అర్థం లేదు. అదీ వీడియోనో గేమో నడుస్తున్నప్పుడు కొలవాలి. ఖచ్చితంగా తేల్చేది ఒక్కటే: పనిచేస్తున్న ఇంకో మంచి ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడటం. పాతదాన్ని మాత్రం ఎవరూ విప్పొద్దు. ప్లగ్గు పీకినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

గోదావరిఖని_దుమ్ము:
వేడి గురించి కొద్దిగ. ఎండకాలంల హ్యాంగ్ అయితే ప్రాసెసర్ వేడెక్కిందనే అంటరు అందరు. ఐ5-10400కు హద్దు 100 డిగ్రీలు. అక్కడికి పోతే ముందు వేగం తగ్గించుకుంటది, ఇంకా ఎక్కితే ఆగిపోతది. బిగుసుకపోవుడు దాని గుణం కాదు. వేడి చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌ల చూడుండ్రి, పని లేనప్పుడే 70 దాటితే ఫ్యాన్‌ను బోర్డుకు పట్టి ఉంచే నాలుగు పిన్నులల్ల ఒకటి లేచి ఉండొచ్చు, ఆ తరం ఫ్యాన్లకు అది మామూలే. ప్రాసెసర్ మీద పూసే పేస్ట్ బియ్యపు గింజకన్న కొంచెం ఎక్కువ చాలు. బొగ్గు దుమ్ము ఉండే మా దిక్కయితే మూడు నెలలకోసారి బ్లోయర్ కొట్టాలె, కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండ వేలితోని పట్టుకోవాలె.

మట్టెవాడ_ర్యామ్:
అసలు దాన్ని అందరూ దాటేసిండ్రు: వేరు వేరు కంపెనీల ర్యామ్‌లు రెండు. ఐ5-10400 ఎట్లైనా 2666కే నడిపిస్తది, 3200 స్టిక్ కూడ దిగి వస్తది. స్పీడ్‌తోని గొడవ లేదు. కాని రెండు స్టిక్‌ల టైమింగ్‌లు కలవకపోతే వారానికోసారి తప్పు చేస్తయి, అది పట్టుడు కష్టం. ఒక స్టిక్ తీసి మూడు రోజులు, రెండోది పెట్టి మూడు రోజులు నడుపుండ్రి. రాత్రి పూట పెన్ డ్రైవ్ నుంచి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ పెట్టి పొద్దుగాల దాక వదలుండ్రి, కనీసం నాలుగు పాస్‌లు. ఒక్క ఎర్రర్ వచ్చినా తప్పున్నట్టే, ఒక్కటే కద అని వదలొద్దు. విండోస్‌ల ఉండే మెమరీ పరీక్ష తొందరగ అయిపోతది, దాని మీద భరోసా పెట్టుకోవద్దు.

ఇగ, రబ్బరుతోని ర్యామ్ కాళ్లు రుద్దుడు ఆపుండ్రి. ఆ బంగారు పూత చాలా పల్చటిది, రబ్బరు పొడి స్లాట్‌ల పడితే కొత్త రోగం. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకు అద్ది తుడిస్తే చాలు. రబ్బరు రుద్దినంక నయమైందనిపించేది కూడ స్టిక్‌ను తీసి గట్టిగ పెట్టినందుకే.

ఓరుగల్లు_సర్వీస్:
సరే, డిస్కు చూడకుండ ఫార్మాట్ వద్దన్నది ఒప్పుకుంటున్న. సీ5, సీ6 చూసుడు రెండు నిమిషాల పని, ఏ షాపైనా చెయ్యాలె. కాని లైనక్స్ లైవ్ పెన్ డ్రైవ్ (డిస్కు ముట్టకుండ పెన్ డ్రైవ్ నుంచే నడిచే లైనక్స్) పెట్టి ఒక రోజు నడిపి, హ్యాంగ్ కాకుంటే? అప్పుడు తప్పు విండోస్‌దే కద. ఇంక డ్రైవర్లు వెతుక్కుంట కూసునుడు ఎందుకు?

కాజీపేట_జంక్షన్:
లైవ్ పెన్ డ్రైవ్‌ల హ్యాంగ్ అయితే హార్డ్‌వేర్ అని గట్టిగ చెప్పొచ్చు. కాకుంటే మాత్రం విండోస్ తప్పని చెప్పలేము. ఆ రోజంత ఎస్‌ఎస్‌డీని అసలు వాడనే లేదు కద! ఫార్మాట్‌కు ముందు ఇంకొన్ని చూడాలె. ఇంటెల్ గ్రాఫిక్స్, చిప్‌సెట్ డ్రైవర్లు బోర్డు కంపెనీ సైట్ నుంచి వేసుడు ఒకటి. పవర్ ఆప్షన్స్‌ల పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ ఆఫ్ చేసుడు ఇంకోటి. ఫాస్ట్ స్టార్టప్ కూడ తీసెయ్యాలె. అది ఆన్‌ల ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ కెర్నల్ పూర్తిగ ఆగదు, నిన్నటి డ్రైవర్ తప్పు ఇయ్యాలటికి వస్తది.

13, 14వ తరం ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఉన్నోళ్లకు లెక్క వేరు. 2024ల ఇంటెల్ స్వయంగ ఒప్పుకున్న వోల్టేజీ సమస్య ఉన్నది, వాళ్లు ముందు బయోస్ అప్‌డేట్ చేయాలె. దెబ్బతిన్న ప్రాసెసర్‌ను ఆ అప్‌డేట్ బాగుచెయ్యదు, వారంటీ అడగాలె. దాన్ని రెండేండ్లు పొడిగించిండ్రు.

ఓరుగల్లు_సర్వీస్:
నా మాట ఇంకా అదే: డిస్కు, ర్యామ్ మంచిగున్నయని తేలినంక డ్రైవర్ల ఎంబడి పడకుండ ఫార్మాట్ కొట్టాలె. కాకపోతే ఉన్న ఎస్‌ఎస్‌డీని చెరపకుండ, అది తీసి పక్కన పెట్టి, కొత్తదో అడిగి తెచ్చుకున్నదో వేరే ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ 11 వేసి వారం నడపాలె. పాతది సాక్ష్యంగ ఉంటది, ఫొటోలూ ఉంటయి. మల్ల హ్యాంగ్ అయితే ఎస్‌ఎంపీఎస్, ఆఖరికి బోర్డు.

తమ్మీ, 1 టీబీ డిస్కుల సీ5 సున్నా కాకుంటే ముందు ముఖ్యమైన ఫోల్డర్లు బయటికి కాపీ చేసుకో. అది కానిదే దాని మీద చెక్ డిస్క్ (విండోస్‌ల డిస్కును సరిచేసే పరీక్ష) నడిపియ్యకు, పోయే డిస్కును అది ఇంకా తొందరగ చంపుతది. విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ ఖాతాతోని వేస్తే డ్రైవ్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ కావచ్చు, అంటే డేటాకు తాళం పడొచ్చు. 48 అంకెల రికవరీ కీ ఖాతాల ఉన్నదో లేదో చూసి, కాగితం మీద రాసి పెట్టుకో.

నయీంనగర్_డెస్క్‌టాప్:
క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో చూసిన. ఎస్‌ఎస్‌డీ మంచిగున్నది. 1 టీబీల సీ5 విలువ 24, సీ7 సున్నా. లాగ్‌ల డిస్క్ 153 వరుసగ ఉన్నయి.

కాజీపేట_జంక్షన్:
లాగ్‌ల ఆ 153 ఏ డిస్కుదో చూడు, డిస్క్ 1 అని ఉంటే డిస్క్ మేనేజ్‌మెంట్‌ల 1 ఏదో సరిపోల్చుకో. 1 టీబీదే అయితే కాపీ చేసుకున్నంక కేబుల్ తీసెయ్. చిన్న ఫైళ్లు, ముఖ్యమైనవి ముందు. ఒక ఫోల్డర్ దగ్గర ఆగితే దాన్ని వదిలి తర్వాతది తీసుకో, ఆగిన చోటనే మల్ల మల్ల ప్రయత్నించకు. ర్యామ్ పరీక్ష మాత్రం మానకు, ఒకే సిస్టమ్‌ల రెండు తప్పులు ఉండొచ్చు.