మైక్రోవేవ్ పెప్టైడ్ సింథసైజర్ పేటెంట్ క్లెయిము ఆబ్వియస్ (ఎవరికైనా తట్టేదే) అంటున్నారు, ఏం చేయాలి?

గాజుకుప్పె: అమైనో ఆమ్లాలు ఒక్కొక్కటే చేర్చి పెప్టైడ్ గొలుసు కట్టే యంత్రం మాది. రెజిన్ (గొలుసు అతుక్కునే చిన్న పూసలు) పాత్ర, మైక్రోవేవ్, కలపడానికి నైట్రోజన్ బుడగలు, వేడి కొలిచే ఫైబర్ ఆప్టిక్ ప్రోబ్. ఇదీ మా క్లెయిము, అంటే పేటెంట్‌లో మాదని హక్కు కోరే భాగం. పేటెంట్ ఎగ్జామినర్ రెండు పాత పత్రాలు పక్కపక్కన పెట్టి, ఆ రెంటినీ జోడించడం ఎవరికైనా తడుతుందన్నాడు. జవాబు ఎక్కడ మొదలెట్టాలి? బుడగల సంగతి విడిగా వాదించనా?

పాతరెజిన్: తట్టదా మరి? మెరిఫీల్డ్ రెజిన్ మీద పెప్టైడ్ కట్టింది 1963లో. మైక్రోవేవ్‌లో ఆర్గానిక్ రియాక్షన్ల పేపర్లు 1986లో వచ్చాయి. నాదీ ఇలాగే పోయింది, మీదీ పోతుంది.

క్లెయిముపురుగు: ఇరవై రెండేళ్లుగా ఇదే నా పని, కాస్త వినండి. జవాబు చూశాక లెక్క అందరికీ సులువే. యూరప్‌లో ఆ రంగం నిపుణుడి గురించి అడిగేది "కలపగలడా" అని కాదు, "కలిపి ఉండేవాడా" అని.

పాతరెజిన్: అమెరికాలో 2007 కేఎస్‌ఆర్ తీర్పు మర్చిపోయారా? కారు పెడల్ పేటెంట్ మీద సుప్రీంకోర్టు కేసు. నిపుణుడు మరబొమ్మ కాదు, వాడికీ కాస్త బుర్ర ఉంటుందన్నారు.

స్టిర్రర్: లోహం లేని ఫైబర్ ప్రోబ్‌లో కొత్తేముంది? మైక్రోవేవ్‌లో లోహం పెట్టకూడదని పిల్లలకీ తెలుసు.

ఫ్యూమ్‌హుడ్: తప్పు. షీల్డ్ చేసి గ్రౌండ్ చేసిన థర్మోకపుల్ (వేడి కొలిచే లోహపు తీగలు) పనిచేస్తుంది. నేనే వాడాను.

స్టిర్రర్: ఇన్ఫ్రారెడ్ సెన్సర్ ఉండగా ఆ తిప్పలెందుకు?

ఫ్యూమ్‌హుడ్: ఇన్ఫ్రారెడ్ చూసేది పాత్ర గోడని! లోపల ఎంత ఉడుకుతోందో దానికేం తెలుసు? ఒక్క బ్యాచ్ మాడ్చి చూడండి, తెలుస్తుంది.

పాతరెజిన్: ఉన్నవే మూడు దారులు. అంటే మూడూ తట్టేవే. ఆయన కేసుని మీరే ముంచుతున్నారు.

ఫ్యూమ్‌హుడ్: నేను థర్మోకపుల్ గురించి మాట్లాడుతున్నానండీ, కేసు గురించి కాదు.

కొత్తపిపెట్: మధ్యలో వచ్చాను, సారీ. వాక్యూమ్ పంపు ఆయిల్ ఎన్నాళ్లకి మారుస్తారు?

హిస్టిడిన్: నల్లబడకముందే మార్చండి. అసలు సంగతికొస్తే, నేను గెలిచిన దారి వేరు. వేడి చేస్తే హిస్టిడిన్, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు రేసిమైజ్ అవుతాయి (కొంత అద్దంలో బొమ్మలాంటి తిరగబడ్డ రూపానికి మారుతుంది), ఆస్పార్టిక్ ఆమ్లం దగ్గర ఆస్పార్టిమైడ్ అనే అక్కర్లేని పదార్థం వస్తుంది. అందుకే వేడి జోలికి వెళ్లొద్దన్న పాత పేపర్లు వెతికి పెట్టాను. అందరూ వద్దన్న దారి ఎలా తడుతుందని అడిగాను. అభ్యంతరం ఎత్తేశారు.

క్లెయిముపురుగు: బాగుంది. కానీ ఈయన క్లెయిములో రేసిమైజేషన్ ఊసే లేదు. క్లెయిములో లేనిదాని మీద వాదిస్తే ఎవరూ వినరు.

గాజుకుప్పె: స్పెసిఫికేషన్‌లో (పేటెంట్ అర్జీలోని వివరణలో) ఉంది సార్. హిస్టిడిన్, సిస్టీన్ కలిపేటప్పుడు కంట్రోలర్ 50 డిగ్రీలు దాటనివ్వదు. పవర్ ఆపి ఆపి ఇస్తుంది.

క్లెయిముపురుగు: అది దాచుకుని బుడగల గురించి అడుగుతారా! దాన్ని మెయిన్ క్లెయిములోకి తెండి. పరిధి కుదించుకుపోతుంది, తప్పదు. వేడితో, వేడి లేకుండా చేసిన శాంపిళ్ల పోలిక డేటా ఉందా?

గాజుకుప్పె: హిస్టిడిన్‌కి ఉంది. సిస్టీన్‌కి చేయలేదు.

పాతరెజిన్: ఇంకేం, ఎగ్జామినర్ సిస్టీన్ దగ్గరే పట్టుకుంటాడు.

ఫ్యూమ్‌హుడ్: ఆ 50 డిగ్రీలు కొలిచింది లోపలా, గోడ మీదా?