బైపీసీ అయిపోయింది, నీట్‌లో 290. లాంగ్‌టర్మా, నర్సింగా, ఇంకేదన్నానా?

అంబాజీపేట అన్నయ్య:
మా చెల్లికి నీట్‌లో 720కి 290 వచ్చాయండి. బయాలజీ 210, కెమిస్ట్రీ 60, ఫిజిక్స్ 20. ఒక్క ప్రశ్న కూడా వదలకుండా అన్నీ పెట్టేసింది. లాంగ్‌టర్మ్‌కి, అంటే నీట్ మళ్ళీ రాయడానికి ఏడాది కోచింగ్‌కి పంపాలా, లేక బీఎస్సీ నర్సింగ్, ఫిజియో, ల్యాబ్ టెక్నాలజీ, ఫార్మ్ డీ (మందుల కోర్సు)లలో ఒకటి చూసుకోవాలా అని ఇంట్లో తర్జనభర్జన. రక్తం చూసి భయపడే పిల్ల కాదు. ఏ కోర్సు చదివితే చేతికి ఏం పని వస్తుందో, ఎక్కడ దెబ్బతింటారో తెలిసినవాళ్ళు చెప్పండి.

ఫిజిక్స్ మాస్టారు, రాజమండ్రి:
ముందు ఆ మార్కుల్ని విడదీసి చూడండి. ఒప్పుకి 4, తప్పుకి మైనస్ 1 కాబట్టి, ఫిజిక్స్‌లో 45 ప్రశ్నలూ పెట్టి 20 వచ్చాయంటే 13 ఒప్పు, 32 తప్పు. ప్రశ్న చదవకుండా గుడ్డిగా దిద్దినా సగటున 11 ఒప్పవుతాయి. అంటే ఫిజిక్స్ ఇంకా మొదలే కాలేదు. బయాలజీలో 90కి 60 ఒప్పు, 30 తప్పు. లాంగ్‌టర్మ్ బాగా పనిచేసేది బయాలజీ 360కి 320 దాటి, ఫిజిక్స్ ఒక్కటే వెనక్కి లాగుతున్నవాళ్ళకి. ఇక్కడ మూడూ లేపాలి, ఏడాదిలో అది చాలా బరువు. పంపేముందు రెండు వారాలు ఇంట్లోనే కరెంట్ ఎలక్ట్రిసిటీ ఒక్క పాఠం చదివించి, పాత నీట్ ప్రశ్నలు 20 ఇవ్వండి. 12 కూడా చేయలేకపోతే లాంగ్‌టర్మ్ ఫీజు కట్టొద్దు. 290కి నీట్ అర్హత ఉంది కాబట్టి ఆయుష్ (ఆయుర్వేదం, హోమియో లాంటివి) కౌన్సెలింగ్‌కీ దరఖాస్తు పెట్టొచ్చు. రాజమండ్రిలో ప్రభుత్వ హోమియో కాలేజీ ఉంది.

నర్సింగ్ ట్యూటర్, కాకినాడ:
నర్సింగ్‌లో కోర్సు కన్నా కాలేజీ ఎంపికలోనే ఎక్కువమంది దెబ్బతింటారండి. కాలేజీకి 100 పడకల సొంత హాస్పిటల్ ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం. కాగితం మీద అన్నిచోట్లా ఉంటాయి. ఫీజు కట్టేముందు ఒక మామూలు రోజు ఉదయం పదకొండింటికి ఆ వార్డుల్లోకి వెళ్ళి ఎన్ని మంచాల మీద పేషెంట్లున్నారో లెక్కపెట్టండి. ఖాళీ మంచాల మధ్య నాలుగేళ్ళు తిరిగిన పిల్లకి కాన్యులా (నరంలో సెలైన్ గొట్టం) పెట్టడం రాదు, కేథటర్ (మూత్రం గొట్టం) వేయడం రాదు. మొదటి ఉద్యోగంలో ఐసీయూకి వేస్తే వణికిపోతుంది.

కాన్పుల సంగతీ అడగండి. విద్యార్థులు స్వయంగా కాన్పులు చేసి లాగ్‌బుక్ రాయాలి. ఎక్కువ సిజేరియన్లే జరిగే హాస్పిటల్లో నార్మల్ డెలివరీలు చేతికి అందవు. అందుకని ఏ ప్రభుత్వాసుపత్రికి పోస్టింగ్ వేస్తారో, ఎన్ని వారాలో కనుక్కోండి. సీనియర్ల లాగ్‌బుక్ ఒకటి చూపించమంటే అసలు విషయం తెలిసిపోతుంది.

మూడేళ్ళ నర్సింగ్ డిప్లొమా జీఎన్‌ఎం ఖర్చు తక్కువ. కానీ ఎయిమ్స్ ఉద్యోగాల పరీక్ష నార్సెట్ రాయాలంటే జీఎన్‌ఎం వాళ్ళకి 50 పడకల హాస్పిటల్లో రెండేళ్ళ అనుభవం కావాలి. బీఎస్సీ వాళ్ళు రిజిస్ట్రేషన్ అయ్యాక నేరుగా రాయొచ్చు. విదేశాల ఆలోచన ఉంటే రెండో ఏడాదిలోనే భాష మొదలుపెట్టాలి. బ్రిటన్‌కి ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో రైటింగ్ 6.5, మిగతా మూడూ 7 రావాలి. జర్మనీలో నర్సుగా గుర్తింపుకి సాధారణంగా బీ2 (మధ్యస్థం కన్నా పై) స్థాయి జర్మన్ అడుగుతారు. మన పిల్లలు ఆగిపోయేది ఎక్కువగా రైటింగ్ దగ్గరే.

నైట్ డ్యూటీలు, పేషెంట్లని ఎత్తి తిప్పడం వల్ల నడుం నొప్పులు ఉంటాయి. వాటిని ముందే పిల్లకి చెప్పండి.

ల్యాబ్ టెక్, పాలకొల్లు:
ల్యాబ్ పని ఓపికున్నవాళ్ళకి బాగుంటుంది. ఊదారంగు మూత ఈడీటీఏ (గడ్డకట్టకుండా చూసే మందు) ట్యూబులో రక్తం తీశాక ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా తిరగేయాలి. తిరగేయకపోతే గడ్డకడుతుంది, ప్లేట్‌లెట్లు తక్కువ చూపిస్తుంది. డెంగీ సీజన్లో అలాంటి ఒక్క తప్పుడు రిపోర్టుతో ఇంటిల్లిపాదీ కాకినాడకి పరుగెత్తాలి. సన్న సూదితో గట్టిగా లాగితే ఎర్ర కణాలు పగిలి పొటాషియం ఎక్కువ చూపిస్తుంది.

సొంత ల్యాబ్ పెట్టుకోవాలని ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా డీఎంఎల్‌టీలో చేరేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. రిపోర్టు మీద పాథాలజీలో పీజీ చేసిన డాక్టరు సంతకం ఉండాలని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. టెక్నీషియన్ సంతకం చాలదు.

ఫిజియో, భీమవరం:
ఈ నాలుగింటిలో సొంతంగా క్లినిక్ పెట్టుకునే వీలు బాగా ఉన్నది ఫిజియోకే అని నా అభిప్రాయం. పక్షవాతం, మోకాళ్ళు, కొబ్బరిచెట్టు మీంచి పడి వెన్ను దెబ్బతిన్నవాళ్ళు మన వైపు ఎప్పుడూ ఉంటారు. మొదటి రెండు మూడేళ్ళు జీతాలు మాత్రం చిన్నవి. ఫిజియో డిగ్రీ బీపీటీ ఇన్నాళ్ళూ ఇంటర్న్‌షిప్‌తో నాలుగున్నరేళ్ళు, కొత్త జాతీయ సిలబస్‌లో ఐదేళ్ళు. మిషన్లు ఎన్ని ఉన్నాయని చూసి కాలేజీ ఎంచుకోకండి. న్యూరో వార్డులో పేషెంట్‌ని లేపి నడిపించడం ఎవరు నేర్పుతారో అడగండి.

ఫార్మ్ డీ ఆరేళ్ళు. పేరు ముందు డాక్టర్ అని రాసుకున్నా మందు రాసే హక్కు రాదు. క్లినికల్ ఫార్మసిస్టు పోస్టులు పెద్ద కార్పొరేట్ హాస్పిటళ్ళలోనే, డెల్టాలో బహు తక్కువ. మెడికల్ షాపే లక్ష్యమైతే రెండేళ్ళ డీఫార్మసీ, 500 గంటల ట్రైనింగ్ దారి చూడొచ్చు.

అంబాజీపేట అన్నయ్య:
చాలా థాంక్సండి. ఆ పాఠం, 20 ప్రశ్నలు రేపే మొదలెట్టిస్తాం. ఈలోగా కాగితాలు ఏం సిద్ధం చేసుకోవాలి?

నర్సింగ్ ట్యూటర్, కాకినాడ:
ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం, ఆదాయం. స్కూలు మారి ఉంటే ఆ పాత స్కూలుకే ముందు వెళ్ళండి, ఆలస్యమయ్యేది అక్కడే. కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్ సీట్లు) నోటిఫికేషన్ పడ్డాక గడువు కొద్ది రోజులే ఉంటుంది. మేనేజ్‌మెంట్ సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, ఎవరైనా వస్తుందని చెప్పినా నమ్మి అడ్వాన్సు ఇవ్వకండి.