మిచిగన్ అవెన్యూ రోస్టరీ: కాఫీ కోసమా, తమాషా కోసమా?

ఉత్తరగాలి:
చికాగోకి చుట్టాలెవరొచ్చినా మిలీనియం పార్కు చూపించాక అందరి నోటా వచ్చే మాట స్టార్‌బక్స్ రిజర్వ్ రోస్టరీ. తెలియనివాళ్ళకి: రోస్టరీ అంటే గింజల్ని అక్కడికక్కడే వేపి కాఫీ చేసి ఇచ్చే పెద్ద దుకాణం. 646 నార్త్ మిచిగన్ అవెన్యూ, ఏరీ వీధి మూల. 2019 నవంబరు 15న తెరిచారు. ఐదంతస్తులు, 35,000 చదరపు అడుగులు. అంతకుముందు ఆ భవనంలో క్రేట్ అండ్ బ్యారెల్ వాళ్ళ ఇంటిసామాన్ల దుకాణం ఉండేది. వాట్సాప్ గ్రూపుల్లో దీని మీద రెండు మాటలు తిరుగుతున్నాయి. "కళ్ళముందు వేపిన గింజ, ఇంతకంటే తాజా కాఫీ ఎక్కడా దొరకదు" అని ఒకరు. "వీధి చివర దొరికేదే, కాకపోతే బోలెడు ధరకి" అని ఇంకొకరు. ఏది నిజం? వెళితే ఏం తాగాలి, గింజలు కొనాలా వద్దా? మా పిల్లలకి బాగా నచ్చింది లాంటి జవాబులు వద్దు, కాఫీ సంగతి చెప్పండి.

డికాషన్ దాసు:
కళ్ళముందు వేపిన గింజే మంచి కాఫీ ఇస్తుందన్నది తప్పు. అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

గింజ వేగేటప్పుడు దాని లోపల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. గింజ వేపే డ్రమ్ములోంచి దించాక మొదటి ఒకటి రెండు రోజులు అది జోరుగా బయటికొస్తుంది. ఆ దశలో ఉన్న గింజని పొడి చేసి, ఎస్ప్రెస్సో మెషీన్లో 9 బార్ల ఒత్తిడితో నీళ్ళు తోస్తే గ్యాసు అడ్డుపడుతుంది. నీళ్ళు పొడినంతా తడపకుండా, సందు దొరికినచోట దూసుకుపోతాయి. పైన నురగ బ్రహ్మాండంగా లేస్తుంది, పెద్దపెద్ద బుడగలతో. చూస్తుండగానే కూలిపోతుంది. కింద మిగిలేది పుల్లటి, పలచటి కాఫీ. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ 25–30 సెకన్లలో దిగాలన్నది బారిస్టాల (కాఫీ చేసి ఇచ్చేవాళ్ళ) మామూలు లెక్క. నిన్న వేపిన గింజతో ఆ లెక్క నిలవదు, కప్పుకో రకంగా దిగుతుంది. ఎస్ప్రెస్సోకైతే మధ్యరకం వేపుడు గింజ గ్యాసు పోయేలా ఓ వారం ఆరాలి. లేత వేపుడైతే పది పదిహేను రోజులు.

కాబట్టి డ్రమ్ము తిరగడం చూసి మురిసిపోయి, ఆ పక్కనే లాటే కొనుక్కుని, "తాజా రుచే వేరు" అనడం మన మనసు చేసే మాయ.

లేతవేపు:
దాసుగారూ, ఎస్ప్రెస్సో వరకు మీతో పేచీ లేదు. కానీ కాఫీ అంటే ఎస్ప్రెస్సో ఒక్కటే కాదు కదా.

స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ వాళ్ళ కప్పింగ్ పద్ధతి, అంటే కాఫీ రుచి పరీక్ష, తీసుకోండి. గింజకి మార్కులు వేసేది ఆ పద్ధతిలోనే. పరీక్షకి 24 గంటల లోపు వేపాలి, వేపాక కనీసం 8 గంటలు ఆరాలి, అంతే. 150 మి.లీ. నీళ్ళకి 8.25 గ్రాముల పొడి. మీ లెక్క ప్రకారం ఒకరోజు గింజ పనికిరానిదైతే, ప్రపంచంలో కాఫీలన్నిటికీ మార్కులు పనికిరాని గింజతోనే పడుతున్నట్టు!

రోస్టరీ మధ్యలో నేల నుంచి పైదాకా నిలబెట్టిన 56 అడుగుల ఉక్కు స్తంభాన్ని అలంకారం అనుకుంటారు చాలామంది. అది గింజలు ఆరే చోటు. వేగిన గింజలు గొట్టాల్లోంచి అందులోకి వెళ్ళి, గ్యాసు పోయేదాకా ఉండి, అప్పుడు ప్యాకెట్లలోకో బార్ దగ్గరికో వస్తాయి. అంటే మీరు చెప్పిన సమస్య కట్టినవాళ్ళకీ తెలుసు.

డికాషన్ దాసు:
కప్పింగ్‌లో ఒత్తిడి ఎక్కడుందండీ? గరుకు పొడి మీద వేడినీళ్ళు పోసి వదిలేస్తారు. గ్యాసు పొడిని పైకి తేల్చి అట్ట కట్టిస్తుంది, 3–5 నిమిషాలకి చెంచాతో ఆ అట్ట విరగ్గొడతారు. గ్యాసుకి దారి దొరికింది, గొడవ లేదు. పైగా ఆ పరీక్ష గింజలో లోపాలు పట్టడానికి, తాగి ఆనందించడానికి కాదు.

ఆ స్తంభం సంగతి ఒప్పుకున్నాను. కానీ అందులో ఎంతసేపు ఉందన్నది ముఖ్యం. బార్ దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఇది ఏ రోజు వేపింది?" తేదీ చెప్పగలిగితే తాగండి. "ఫ్రెష్ అండీ" అని నవ్వితే మర్యాదగా టీ అడగండి.

గ్రాండ్‌స్టేషన్:
మీ ఇద్దరి కెమిస్ట్రీ క్లాసు మధ్యలో కాస్త దారి చెప్తాను, వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది.

రెడ్ లైన్ రైల్లో గ్రాండ్ స్టేషన్ దగ్గర దిగితే పది నిమిషాల లోపు నడక. లోపలికి వెళ్ళడానికి టికెట్టు లేదు. కింది అంతస్తులో డ్రమ్ము, పెద్ద కాఫీ బార్, గింజలు అమ్మే చోటు. రెండోదాంట్లో ప్రిన్చి అనే ఇటలీ బేకరీ. మూడోది రకరకాల పద్ధతుల్లో కాఫీ చేసి ఇచ్చే బార్. నాలుగోది కాక్‌టెయిళ్ళది. పైన డాబా, అది వాతావరణం బాగుంటేనే. ఒంపు తిరిగిన ఎస్కలేటర్ ఎక్కడానికే సగం మంది వస్తారు, అదీ నిజమే.

అందరూ చేసే పొరపాటు: తలుపు తీయగానే కనిపించిన క్యూలో నిలబడటం. అక్కడ ఆర్డరిచ్చేది ఎక్కువగా పాల కాఫీలే. శని, ఆదివారాల మధ్యాహ్నం అది కదలదు. మామూలు రోజు పొద్దున్నే వెళ్ళి నేరుగా మూడో అంతస్తుకి ఎక్కితే బారిస్టా మీతో మాట్లాడే తీరికలో ఉంటారు. ఈ చోటుకి ఏమైనా విలువుంటే అక్కడుంది.

పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళకి ఒక మాట. మెనూలో "విస్కీ బ్యారెల్" అని ఉంటే కంగారు వద్దు, అది కాక్‌టెయిల్ కాదు. విస్కీ దించేసిన ఖాళీ పీపాల్లో పచ్చిగింజని ఉంచి, వాసన పట్టించి, తర్వాత వేపుతారు. ఆ వేడికి సారా నిలవదు. అయినా వాసన ఉంటుంది కాబట్టి పట్టింపు ఉన్నవాళ్ళకి ముందే చెప్పడం మర్యాద.

లేతవేపు:
మూడో అంతస్తు మాట నూటికి నూరు పాళ్ళు. అక్కడ ఒకే గింజని రెండు పద్ధతుల్లో అడగండి, సైఫన్ ఒకటి, పోర్‌ఓవర్ (పొడి మీద చేత్తో నీళ్ళు పోసి వడకట్టేది) ఒకటి. దీనికి వీధి చివరి దుకాణంలో జవాబు లేదు.

సైఫన్‌ని దగ్గరగా చూడాలి. కింది గాజు బుడ్డిలో నీళ్ళు మరిగితే ఆవిరి ఒత్తిడికి నీళ్ళు పై గిన్నెలోకి ఎక్కుతాయి. అప్పుడు పొడి వేసి కలుపుతారు. నిమిషమో నిమిషంన్నరో ఉంచి మంట తీసేస్తే, కింద ఆవిరి చల్లారి ఖాళీ ఏర్పడి, కాఫీని వడకట్టు గుండా లాగేసుకుంటుంది. చివర్లో బుడగలతో గుడగుడ శబ్దం వస్తే లాగడం పూర్తయినట్టు. పై గిన్నెలో పొడి గుమ్మటంలా నిలిచిందంటే కలపడం సరిగ్గా కుదిరింది. అంచుల్లో బురదలా మిగిలితే పొడి మరీ మెత్తగా పట్టారు, కాఫీ చేదెక్కుతుంది. వచ్చిన వెంటనే తాగొద్దు, నాలుక కాలుతుంది, రుచీ తెలియదు. కాస్త చల్లారాకే పండు పులుపు బయటపడుతుంది.

పోర్‌ఓవర్‌లో దాసుగారి గ్యాసు కంటికే కనిపిస్తుంది. 20 గ్రాముల పొడికి ముందు 40–60 గ్రాముల నీళ్ళు పోసి 30–45 సెకన్లు ఆగుతారు. పొడి ఉబ్బి బుడగలు వస్తాయి. గింజ మరీ కొత్తదైతే ఇంకాసేపు ఆగాలి. తర్వాత మొత్తం 320 గ్రాముల దాకా. ఒత్తిడి లేదు కాబట్టి మూడు నాలుగు రోజుల గింజతోనే ఇది చక్కగా వస్తుంది.

ఇక డ్రమ్ము దగ్గర నిలబడితే ఫొటోలు పక్కన పెట్టి చెవి పెట్టండి. పచ్చిగింజ పసుపెక్కి, 196 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో చిటపట మొదలవుతుంది. అది మొదటి పగులు. లేత వేపుడు దాని తర్వాత కొద్దిసేపటికే దింపేస్తారు. రెండో పగులు దాకా పోనిస్తే ముదురు వేపుడు, గింజ మీద నూనె మెరుస్తుంది. దించాక చల్లార్చే పళ్ళెంలో ఇనుప రెక్కలు గింజని తిప్పుతుంటే, కింద నుంచి గాలిని లాగుతారు. నాలుగైదు నిమిషాల్లో చల్లారకపోతే గింజ సొంతవేడికే ఇంకా వేగిపోతుంది.

మన్యంగింజ:
ఇంత హంగామా ఎందుకన్నదే నా ప్రశ్న. రోస్టరీల్లో మొదటిది సియాటెల్‌లో 2014లో తెరిచారు, 2025 సెప్టెంబరులో మూసేశారు. పుట్టిన ఊళ్ళోనే నిలబడలేదంటే ఇందులో కాఫీ పాలెంత, కట్టడం పాలెంత? 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు అరబికాని, ఏ తేదీన వేపారో ప్యాకెట్ మీద వేసే చిన్న రోస్టరు (గింజలు వేపి అమ్మేవాళ్ళ) దగ్గర కొనుక్కుని, ఇంట్లో ఒక వంతు పొడికి పదహారు వంతుల నీళ్ళ లెక్కన పోసుకుంటే ఇదే రుచి, ఇంకా మెరుగు కూడా. ఇంటి దగ్గర తూకం, మంచి గ్రైండరు ఉన్నవాళ్ళకి ఆ ఐదంతస్తులు కొత్తగా ఇచ్చేదేమీ లేదు.

లేతవేపు:
తూకం, గ్రైండరు ఉన్న ఇళ్ళెన్నండీ? అవి ఎందుకు కొనాలో అర్థమయ్యేది ఇలాంటి చోటే. సియాటెల్ మూయడానికి వ్యాపార కారణాలుంటాయి, సైఫన్ రుచికి దానితో ఏం సంబంధం?

ఉత్తరగాలి:
గింజలు కొనే సంగతి ఎవరూ తేల్చలేదు. ఇంటికి తెచ్చి ఫిల్టర్ కాఫీకి వాడొచ్చా?

ఇత్తడిఫిల్టరు:
వాడొచ్చు, కానీ అక్కడ అందరూ పొగిడే లేత వేపుడు మాత్రం వద్దు. మన ఫిల్టరులో ఎవరూ ఒత్తిడి పెట్టరు, నీళ్ళు తమ బరువుకే దిగాలి. లేత గింజ గట్టిది, సారం త్వరగా వదలదు. డికాషన్ పలచగా, పుల్లగా వస్తుంది. పాలు విరగకపోవచ్చు గానీ, చక్కెర వేసినా పులుపు పైకి తేలుతుంది. ముదురు వేపుడో, కనీసం మధ్యరకం దాటిందో అడగండి. పండ్ల వాసనలు, పూల వాసనలు అని రాసినవి పాలల్లో మునిగిపోతాయి, వాటికి పెట్టే డబ్బు వృథా.

చిక్కదనం చికోరీ వల్ల. కాఫీ పొడిలో నీళ్ళలో కరిగేది 30 శాతం లోపే, చికోరీలో అంతకు రెట్టింపు. 250 గ్రాముల ప్యాకెట్‌కి 62 గ్రాముల చికోరీ కలిపితే 80:20. చికోరీ ఇండియన్ స్టోర్లలో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో న్యూ ఆర్లీన్స్ రకం వేయించిన చికోరీ దొరుకుతుంది. కానీ అది గరుకుగా ఉంటుంది, ఒకసారి మిక్సీలో తిప్పాలి.

అన్నిటికంటే ఎక్కువగా చెడేది పొడి దగ్గర. "ఫిల్టర్‌కి పట్టండి" అంటే అక్కడివాళ్ళకి కాగితపు డ్రిప్ ఫిల్టరు. గరుకుగా పట్టి ఇస్తారు, మన ఫిల్టరులో ఐదు నిమిషాల్లో రంగునీళ్ళు దిగిపోతాయి. ఎస్ప్రెస్సోకి పట్టిస్తే చిల్లులు పూడుకుపోయి తెల్లారినా దిగదు. మోకాపాట్ (పొయ్యి మీద పెట్టే ఇటలీ కాఫీ గిన్నె) పొడి అని అడగండి, దాదాపు సరిపోతుంది. 30 గ్రాములు వేసి, పైన బిళ్ళతో తేలిగ్గా అదిమి, ముందు పొడి తడిసేటన్ని మరిగే నీళ్ళు పోసి అర నిమిషం ఆగి, మిగతావి పోయాలి. మొత్తం 180 మి.లీ. పొడి 60 దాకా పీల్చుకుంటుంది, చేతికొచ్చే డికాషన్ 120. పావుగంట నుంచి అరగంటలో దిగాలి. వారం దాటిన గింజ కుదురుగా దిగుతుంది. మరీ కొత్త గింజ అయితే గ్యాసుకి పొడి ఉబ్బి బిళ్ళని పైకి తోస్తుంది.

డికాషన్ దాసు:
ఇత్తడిగారి చివరి వాక్యానికి దండం. నా వాదన అదే కదా!

గ్రాండ్‌స్టేషన్:
కొన్న పొడి విమానంలో తీసుకెళ్ళేవాళ్ళు చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. 350 మి.లీ. దాటిన పొడి ఏదైనా చేతిసంచీలో ఉంటే విడిగా తీసి ట్రేలో పెట్టమంటారు, తెరిచి చూడొచ్చు కూడా. గింజగానే తీసుకెళ్తే ఈ పేచీ లేదు, వాసనా నిలుస్తుంది.

మన్యంగింజ:
సరే, మూడో అంతస్తు వరకు ఒప్పుకుంటున్నాను. ప్యాకెట్లు మాత్రం వేపిన తేదీ చూపించకుండా కొనొద్దు. "బెస్ట్ బిఫోర్" తేదీ చూపిస్తే అది జవాబు కాదు.