పియానో, హార్మోనియం శ్రుతి పని: రోజుకి ఎన్ని ఒప్పుకోవాలి, ఎంత తీసుకోవాలి?

శ్రుతిపెట్టె, పర్లాకిమిడి:

మాస్టార్లందరికీ నమస్కారం. నాది హార్మోనియం పని. గుణుపురం, కాశీనగరం, ఇటు పాతపట్నం, టెక్కలి దాకా భజన మండళ్ళవీ, పద్య నాటకాల వాళ్ళవీ పెట్టెలు చూస్తాను. ఈమధ్య చర్చిల్లో నిలువు పియానోలు కూడా ఒప్పుకుంటున్నాను. పని చేతనవును గానీ లెక్క తెగడం లేదు. పియానోకి రెండు గంటలనుకుని వెళ్తే సాయంత్రం అయిపోతోంది. దారి ఖర్చు అడిగితే "అది కూడా మేమేనా" అంటారు. చూడ్డానికి వెళ్ళి పని కుదరక తిరిగొస్తే ఏం తీసుకోవాలి? డిసెంబరు వస్తే క్రిస్మస్ వాళ్ళూ ధనుర్మాసం భజనల వాళ్ళూ ఒకే వారంలో మీద పడతారు. మళ్ళీ శ్రుతి పోయిందని పిలిస్తే ఉత్తినే వెళ్ళాలా? కాస్త లెక్కతో సహా చెప్పండి.

రాయగడ రీడు:

ముందు మీ గంట ఖరీదు ఎంతో తేల్చుకోండి. అది ఎవరికీ చెప్పక్కర్లేదు, మీ నోటు పుస్తకంలో ఉంటే చాలు. ఉదాహరణకి ఇంట్లోకి నెలకి 40,000 కావాలి, పనిముట్లు, తోలు, ఫెల్టు, ఫోను, బండి రిపేరు కలిపి 8,000 అనుకోండి. మొత్తం 48,000. నెలకి 20 రోజులు పనిచేస్తే రోజుకి డబ్బొచ్చే గంటలు నాలుగే. మిగతాదంతా దారి, ఫోన్లు, సరుకు వెతకడం. 80 గంటల్లో 48,000 రావాలంటే గంటకి 600. రోజుకి ఎనిమిది గంటలు వేసుకుని గంటకి 300 చాలనుకునేవాళ్ళకే నెలాఖరుకి సగం డబ్బు ఎటు పోయిందో అర్థం కాదు.

దారిలో పోయే గంటకి సగం రేటు వేసుకోండి, టికెట్టో పెట్రోలో వేరే. ఫోన్ చేసినవాళ్ళకి రెండు ధరలు చెప్పండి: "మీ రూటుకి వచ్చే రోజున అయితే ఇంత, రేపే రావాలంటే ఇంత." బేరం వాళ్ళలో వాళ్ళే ఆడుకుంటారు. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం అన్నీ నౌపడా-గుణుపురం రైలు లైను మీదే ఉన్నాయి కదా, మీకది వరం. ఒక రోజు గుణుపురం వైపు, ఇంకో రోజు టెక్కలి వైపు అని పెట్టుకుంటే దారి ఖర్చు ముగ్గురి మీద పంచవచ్చు. ఆ లైనులో బళ్ళు తక్కువ, తిరుగు బండి టైము చూసుకున్నాకే పని ఒప్పుకోండి.

చూడ్డానికి వెళ్తే ఫీజు తప్పక తీసుకోండి. పని ఇస్తే బిల్లులో తగ్గిస్తానని ముందే చెప్పండి. అసలు సగం చూపులు ఫోన్లోనే అయిపోతాయి. ఎప్పుడు ట్యూన్ చేయించారు, తెగిన తీగలున్నాయా, ఎన్ని మెట్లు నొక్కితే లేవడం లేదు, ఏ అంతస్తులో ఉంది అని అడగండి. పై మూత తీయించి లోపల ఫొటో తెప్పించుకోండి. మధ్య సి పైనున్న ఎ మెట్టు ఒక్కటే నొక్కి వాయిస్ పంపమనండి. ట్యూనర్ యాప్ ముందు పెడితే అందరూ పాటించే 440 హెర్ట్జ్ శ్రుతికి ఎంత కిందుందో ఇంట్లోనే తెలుస్తుంది. ఫోను రికార్డింగులో కాస్త అటూ ఇటూ అయినా, రేటు చెప్పడానికి అది చాలు.

సముద్రగాలి, బరంపురం:

పియానో సంగతి నేను చెప్తాను. రెండు గంటలన్నది ఏటా ట్యూన్ అయ్యే పియానో లెక్క. 88 మెట్లకి తీగలు 220 నుంచి 230 దాకా ఉంటాయి. ఒక్కో తీగకి పాతిక సెకన్లు వేసినా గంటన్నర దాటుతుంది. మన వైపు చర్చి పియానోలు ఏళ్ళ తరబడి ముట్టనివి. 30, 40, ఒక్కోసారి 80 సెంట్లు (పక్కపక్క స్వరాల తేడాలో నూరో వంతు ఒక సెంటు) కింద ఉంటాయి. దాన్ని ఒక్క చుట్టులో 440కి తెద్దామనుకోవడమే మీ సాయంత్రాలు పోవడానికి కారణం. తీగలన్నీ కలిపి ఫ్రేము మీద లాగే బలం 18 టన్నుల పైమాటే. ఒక వైపు బిగించుకుంటూ పోతుంటే సౌండ్ బోర్డు (తీగల శబ్దాన్ని పెంచే చెక్క పలక) అణిగి, ముందు చేసినవన్నీ వెనక దిగిపోతుంటాయి. మీరు మళ్ళీ మొదటికి వస్తారు.

కాబట్టి 10 సెంట్ల లోపు తేడా ఉంటే ఒక్క చుట్టు. అది దాటితే రెండు చుట్లు, రెండు ధరలు. మొదటి చుట్టు ముతకది, ముప్పావు గంటలో ముగించాలి. నిక్కచ్చిగా ఆగి వింటూ కూర్చోకూడదు. దిగిపోయేది లెక్కేసుకుని కాస్త పైకే పెట్టాలి. 40 సెంట్లు కింద ఉంటే మధ్య ఆక్టేవుల్లో సుమారు 10 సెంట్లు పైకి, అంటే లోటులో నాలుగో వంతు. పైస్థాయిలో మూడో వంతు దాకా వెళ్ళొచ్చు, రాగి చుట్టిన మంద్రం తీగలకి మధ్య ఆక్టేవుల లెక్కలో సగం చాలు. తరవాత గంటన్నర అసలు ట్యూనింగు. తుడవడం, బిగుసుకున్న మెట్లు వదులు చెయ్యడం కలిపితే మూడున్నర గంటలు. ఆ రోజు ఇంకో పియానో ఒప్పుకోకండి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్ళీ ఒక చుట్టు తప్పదు. దాని ధర కూడా మొదటి కాగితంలోనే రాసేయండి.

గోపాలపూర్, ఛత్రపురం వైపు ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి. తుప్పు తీగని నేరుగా పైకి లాగితే ఆనుకున్న చోట పట్టు వదలక, తీగ చుట్టిన పిన్ను మలుపు దగ్గర ఫట్‌మంటుంది. ముందు పిన్ను తిప్పే లీవరుతో చిటికెడు వదులు చేసి, "టిక్"మని పట్టు విడిచాక పైకి తేవాలి. అప్పటికీ తెగుతాయి. తెగిన తీగ ఖర్చు ఎవరిదో పని మొదలుపెట్టక ముందే కమిటీ చేత ఒప్పించుకోండి, తెగాక మాట్లాడితే తప్పు మీదే అవుతుంది. 13 నుంచి 20 నంబరు దాకా సాదా తీగ, దాని మందం కొలిచే మైక్రోమీటరు సంచిలో ఉండాలి. చుట్టిన తీగైతే పాతది నమూనాగా పంపి చేయించాలి, దానికి ఇంకో ట్రిప్పు. కొత్త తీగ సాగుతూనే ఉంటుంది, కొన్నాళ్ళ దాకా ఆ స్వరం దిగుతుందని చెప్పి, పక్క తీగకి కలిపి వదిలి, రెండో విజిట్లో సరిచేయండి.

మొదటి పది నిమిషాల్లో పిన్నులు పరీక్షించండి. లీవరుకి పిన్ను వెన్నలో తిరిగినట్టు తిరిగితే, లేదా కలిపిన తీగ నాలుగు గట్టి దెబ్బలకే జారితే ట్యూనింగు ధర చెప్పొద్దు. అది పిన్ బ్లాకు (పిన్నులు దిగి ఉండే చెక్క) పని. ఒకటి రెండయితే ఒక సైజు పెద్ద పిన్ను వేస్తారు, చాలా ఉంటే పిన్నుల మొదట్లో పల్చటి సూపర్ గ్లూ పోస్తారు. రెండూ వేరే రోజు, వేరే బిల్లు. లోపలి ఫెల్టు, సగం మెట్లు ఎలకలు కొరికేసి ఉన్న పియానోకైతే నిర్మొహమాటంగా వద్దనేయండి.

ఇంకోటి: ఫ్యాన్లు ఆపించాలి. తిరిగే రెక్కలకి శబ్దం ఊగుతుంది, రెండు తీగలు కలవనప్పుడు వినిపించే ఊపు (బీటు) ఏదో ఫ్యాను తెచ్చేది ఏదో తెలియదు. కుర్చీలు సర్దడం, మైకు టెస్టింగు ఉన్న రోజున వెళ్ళకండి. "రెండు గంటల నిశ్శబ్దం" అన్న షరతు కొటేషన్లోనే ఉండాలి.

మెట్లపెట్టె, జయపురం:

రాయగడ మాస్టారి లెక్క నోటు పుస్తకానికి బాగుంది. భజన మండలి ముందు గంట అనే మాట ఎత్తితే పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోతారు. వాళ్ళకి పనికి ఇంత అని చెప్పాలి: బెలోస్ (గాలి తిత్తి) అతుకు ఇంత, మొత్తం శ్రుతి ఇంత, రీడు (స్వరం పలికే ఇత్తడి నాలుక) మార్పు ఒక్కోటి ఇంత. లోపల మీ గంట లెక్క మీకుంటుంది.

అసలు హార్మోనియం కోసం మీరు వెళ్ళొద్దు, అదే మీ దగ్గరికి రావాలి. రూటు రోజున తీసుకోండి, వచ్చే రూటు రోజున ఇచ్చేయండి. 42 మెట్ల డబుల్ రీడు పెట్టెలో 84 రీడ్లు. ఒక్కోదానికి రెండు నిమిషాలే అనుకున్నా దగ్గర దగ్గర మూడు గంటలు. వాళ్ళ వాకిట్లో పదిమంది చూస్తుండగా, టీలు తాగుతూ చేస్తే అయిదు.

గాలి సరిగ్గా లేనిదే శ్రుతి ముట్టుకోకండి. స్టాపర్లన్నీ మూసి, బెలోస్ నింపి వదిలేసి, ఎంతసేపట్లో దిగిందో గడియారం చూసి రాసుకోండి. రిపేరు తరవాత మళ్ళీ అదే పరీక్ష చేసి ఆ రెండు అంకెలూ చూపిస్తే డబ్బు దగ్గర గొడవుండదు. గాలి పోయేవి మడతల మూలలు, రీడు బోర్డు కింద తోలు, మెట్ల కింద కవాటాల ఫెల్టు. ఆ తరవాత మాట్లాడని రీడ్లు. చాలావాటిలో దుమ్ము నలుసే ఉంటుంది, కింద పల్చటి కాగితం జరిపితే పోతుంది. శ్రుతి చివర్న.

రీడు కొస దగ్గర గీస్తే స్వరం పెరుగుతుంది, రివెట్టు వైపు మొదట్లో గీస్తే తగ్గుతుంది. గీసేటప్పుడు నాలుక కింద పల్చటి రేకు పెట్టాలి. గీసిన వెంటనే ఇత్తడి వేడి మీద ఉంటుంది, అప్పుడు తక్కువ చూపిస్తుంది. చల్లారాక చూడకుండా ఇంకా గీస్తే ఎక్కువైపోతుంది. బోర్డు బయట సరిపోయింది పెట్టెలో బిగించాక కొంచెం మారుతుంది, ఆఖరి చూపు మూసే చూడాలి. ఉన్నట్టుండి ఒక్క రీడే బాగా దిగిపోయిందంటే మొదట్లో చిట్లిందని అర్థం. అది శ్రుతికి లొంగదు, మార్చడమే.

మొత్తం పెట్టె 20 సెంట్లు పైకి తెమ్మంటే మాత్రం మామూలు రేటుకి ఒప్పుకోకండి. 84 రీడ్లూ గీకాలి, ఇత్తడి పోతుంది. కీబోర్డుతో కలిపి వాయిస్తారా, ఒక్క గాయకుడికేనా అని అడిగాక మాట్లాడండి. ఒక్క గాయకుడికే అయితే పెట్టె తనలో తను కలిస్తే చాలు.

శ్రుతిపెట్టె, పర్లాకిమిడి:

చాలా తెలిసింది. డిసెంబరు సంగతీ, మళ్ళీ పిలిచేవాళ్ళ సంగతీ ఎవరైనా చెప్తారా? సెప్టెంబరులో ఖాళీగా ఉంటాను కదా, క్రిస్మస్ పియానోలు అప్పుడే చేసేస్తే?

సముద్రగాలి, బరంపురం:

సెప్టెంబరులో చేస్తే మీరే మళ్ళీ వెళ్ళాల్సొస్తుంది. వానాకాలం చెమ్మకి సౌండ్ బోర్డు ఉబ్బి, ముఖ్యంగా మధ్య ఆక్టేవులు పైకి పోయి ఉంటాయి. అక్టోబరులో తిత్లీ లాంటి తుఫాను వచ్చిందంటే చెమ్మ ఇంకోసారి. నవంబరులో గాలి పొడిబారితే అన్నీ దిగుతాయి. సెప్టెంబరులో ముతక చుట్టు, తీగలు, మెట్ల రిపేర్లు పెట్టుకోండి. అసలు ట్యూనింగు నవంబరు ఆఖరు నుంచి డిసెంబరు మొదటి పది రోజుల్లో. క్రిస్మస్ వారానికి జారిన తీగలు కలిపే అరగంట పని మాత్రమే మిగలాలి.

పిలుపుల గురించి: పియానో లోపల ఒక కార్డు పెట్టండి. తారీకు, పని ముందు మధ్య ఎ ఎన్ని సెంట్లు, పని తరవాత ఎన్ని, గదిలో తేమ ఎంత శాతం. తేమ చూపే చిన్న మీటరు ఖరీదేం కాదు. ఒక మెట్టుకున్న మూడు తీగల్లో ఒకటి జారితే అది మీ పిన్ను, 15 రోజుల దాకా ఉచితంగా చూడండి. మొత్తం ఒకే వైపు కదిలి, మీటరు 80 నుంచి 55కి వచ్చిందంటే అది వాతావరణం, దానికి బిల్లు ఉంటుంది.

మెట్లపెట్టె, జయపురం:

హార్మోనియాలు కార్తీక పున్నమి లోపు మీ ఇంటికి చేరాలని ఇప్పుడే మండళ్ళకి చెప్పండి, ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలవుతుంది. తరవాత తెచ్చినవాళ్ళకి గాలి రిపేరు, పలకని రీడ్లు మాత్రమే, మొత్తం శ్రుతి సంక్రాంతి తరవాతే. చర్చి కమిటీలైతే డబ్బు మీటింగులో పాసవ్వాలి, అక్టోబరులోనే కొటేషన్ ఇచ్చి సగం అడ్వాన్సు తీసుకోండి. అడ్వాన్సు పడనిదే తారీకు రాసుకోకండి. "వచ్చారు కదా, ఆ పెట్టె కూడా ఓసారి చూడండి" అంటారు చూడండి, దానికి పది నిమిషాలు కేటాయించుకోండి. చూసి ధర చెప్పండి, మూత మాత్రం విప్పొద్దు.