మే నెలలో యోసెమిటీ: అమ్మానాన్నలను తీసుకెళ్లవచ్చా, జూలై దాకా ఆగాలా?

మిల్పిటస్ వాసి:
అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చారు, ఆగస్టు దాకా ఉంటారు. మే రెండో వారాంతంలో ఇక్కడి కాలిఫోర్నియాలోని యోసెమిటీ జాతీయ పార్కు చూపించాలని ఉంది. అప్పటికి ఎత్తైన కొండల మీదుగా వెళ్లే టయోగా రోడ్డు మంచు వల్ల తెరవరని, కొండ మీది గ్లేసియర్ పాయింట్ రోడ్డు సంగతీ చెప్పలేమని స్నేహితులు అంటున్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. చదునుగా ఉంటే అరగంట నడుస్తుంది, మెట్లు ఎక్కలేదు. నాన్నకు నడక అంటే ప్రాణం. మా బాబుకు ఆరేళ్లు, నీళ్లు కనిపిస్తే ఆగడు. సగం రోడ్లు మూసి ఉన్నప్పుడు అంత దూరం వెళ్లి ఏం చూస్తాం? వెళ్లినవారు చెప్పండి.

కొండదారి:
నా ఓటు జూలైకే. టయోగా రోడ్డు తెరిస్తే టెనాయా సరస్సు, టొలమీ పచ్చిక మైదానాలు కారులోంచే చూడవచ్చు. మీ అమ్మగారికి నడక కూడా తక్కువ. మే చివర్లోనో జూన్‌లోనో తెరుస్తారు, మంచు ఎక్కువ పడిన ఏడాది ఇంకా ఆలస్యం అవుతుంది. మేలో వెళితే కింద యోసెమిటీ లోయ ఒక్కటే మిగులుతుంది.

మర్సెడ్ ఒడ్డున:
కొండదారి గారూ, టెనాయా సరస్సు విషయంలో మీతో వాదన లేదు. కానీ ఆ పెద్దవాళ్లు అంత దూరం నుంచి వచ్చి యోసెమిటీని ఒక్కసారే చూస్తారు. ఆ ఒక్కసారీ మేలోనే చూడాలి. మేము పార్కుకు దగ్గరి మర్సెడ్ ఊళ్లో ఉంటాం, అన్ని రుతువుల్లోనూ వెళ్లి వస్తుంటాం కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

యోసెమిటీ జలపాతం ఎత్తు 2,425 అడుగులు, మూడు అంచెలుగా దూకుతుంది. దానికి నీరిచ్చే వాగు చాలా వరకు నున్నటి గ్రానైట్ రాతి మీదే పారుతుంది. నీటిని పీల్చుకుని, నిదానంగా వదలడానికి అక్కడ మట్టి పెద్దగా లేదు. పైన మంచు కరుగుతున్నన్నాళ్లే జలపాతం. ఆగస్టులో మా బంధువులను తీసుకెళ్లి దాని ముందు నిలబెడితే, కొండ మీద నల్లటి చార చూపించి ‘ఇక్కడే పడుతుంది’ అని చెప్పాల్సి వచ్చింది. అదే మేలో అయితే లోయలో ఎక్కడ నిలబడినా ఏదో ఒక జలపాతం హోరు వినిపిస్తూనే ఉంటుంది. వీలైతే ఒక రాత్రి లోయలోనే బస చేయండి. పగటి ఎండకు పైన కరిగిన నీరు కిందికి చేరేసరికి చీకటి పడుతుంది. అందుకే ఆ నెలలో లోయలోని మర్సెడ్ నది రాత్రిపూట పెరిగి, పగలు కాస్త తగ్గుతుంది.

మీ అమ్మగారికి: దిగువ జలపాతం దగ్గరికి చదునైన కాలిబాట ఉంది. తూర్పు వైపు నుంచి చక్రాల కుర్చీ కూడా వెళుతుంది. వంతెన మీద తుంపర వానలా కొడుతుంది, శాలువా కాదు, రెయిన్‌కోటు వేయండి. ఆ తర్వాత కుక్స్ మెడో. పచ్చిక మీద చెక్కబాట వేసి ఉంటుంది, అక్కడ తొందరపడకుండా కూర్చోబెట్టండి. సెంటినల్ వంతెన నుంచి హాఫ్ డోమ్ శిఖరం, దాని కింద నది కనిపిస్తాయి.

చెట్ల నీడలో డాగ్‌వుడ్ పూలు ఆ రోజుల్లోనే ఉంటాయి. ఒక కొమ్మ దగ్గర ఆగి చూడండి. అరచేతి వెడల్పున తెల్లటి రేకులు కనిపిస్తాయి కదా, అవి రేకులు కావు, ఆకులు. మన కాగితం పూల చెట్టుకు ఉన్నట్టే. అసలు పూలు మధ్యలో, ఆకుపచ్చటి ముద్దగా, గోరు కంటే చిన్నవిగా ఉంటాయి. మొక్కలు పెంచే ఇంటి నుంచి వచ్చినవారైతే అమ్మగారు అక్కడి నుంచి కదలరు.

నాన్నగారు మిస్ట్ ట్రెయిల్ అనే కాలిబాటలో వెర్నల్ జలపాతం కనిపించే వంతెన దాకా వెళ్లవచ్చు. దాదాపు ఒక మైలు, ఎక్కుడు గట్టిగానే ఉంటుంది. ఆ పైన ఆరు వందలకు పైగా రాతిమెట్లు, అన్నీ తడిసి జారుతుంటాయి. వంతెన దగ్గర వెనక్కి తిరగడం మంచిది.

ఇక బాబు విషయం. మేలో మర్సెడ్ నదిలోకి ఎవరినీ దిగనివ్వకండి, పెద్దవాళ్లను కూడా. కృష్ణ ఒడ్డున మెట్లు దిగి కాళ్లు కడుక్కున్న అలవాటు మీ అమ్మానాన్నలకు ఉండే ఉంటుంది. ఇక్కడ అది పనికిరాదు. ఇవి ఇప్పుడే కరిగిన మంచు నీళ్లు, ముంచిన చెయ్యి కాసేపటికే మొద్దుబారుతుంది. ఒడ్డు రాళ్లు నున్నగా ఉంటాయి, తడిస్తే కాలు ఆగదు. వెర్నల్ జలపాతం పైన నీరు మడుగులా కనబడుతుంది, కానీ కంచె దాటి దిగినవారు కొట్టుకుపోయిన సంఘటనలు ఉన్నాయి. బాబు చెయ్యి ఒకరు పట్టుకునే ఉండాలి. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

రావడానికి 140 నంబరు రోడ్డు పట్టుకోండి. 120 దారి క్రేన్ ఫ్లాట్ దగ్గర ఆరు వేల అడుగులు దాటుతుంది, మేలో కూడా ఒక్కోసారి మంచు పడి చక్రాలకు గొలుసులు అడుగుతారు. 140 నది పక్కనే, తక్కువ ఎత్తులో వెళుతుంది. లోయ ఎత్తు నాలుగు వేల అడుగులే, అరకు కంటే దాదాపు వెయ్యి అడుగులు పైన, అంతే. లోయలో పెట్రోలు దొరకదు, ముందే నింపుకోండి. శని, ఆదివారాల్లో పొద్దున తొమ్మిదిలోపు చేరకపోతే కారు పెట్టడానికి చోటు కోసం తిరగాల్సి వస్తుంది. ఒకసారి కారు పెట్టాక ఉచిత బస్సు ఎక్కేయండి. రుసుములు, ముందస్తు బుకింగ్ నియమాలు మారుతుంటాయి, బయలుదేరే ముందు పార్కు అధికారిక వెబ్‌సైట్ చూడండి.

వెన్నెల కెమెరా:
ఒక చిన్న మాట. వసంతంలో పౌర్ణమి దగ్గరపడిన రాత్రులు ఆకాశం తేటగా ఉంటే, దిగువ జలపాతం తుంపరలో వెన్నెలకు హరివిల్లు పడుతుంది. కంటికి తెల్లటి విల్లులా కనిపిస్తుంది, రంగులు కెమెరాకే తెలుస్తాయి. తేదీ మార్చుకునే వీలుంటే పౌర్ణమి చూసుకుని వెళ్లండి.

మిల్పిటస్ వాసి:
అందరికీ ధన్యవాదాలు. మేలోనే వెళుతున్నాం, 140 రోడ్డు మీద, పార్కు బయట ఉన్న ఎల్ పోర్టల్‌లో గది దొరికింది. మర్సెడ్ ఒడ్డున గారూ, అమ్మ పులిహోర, గోంగూర పచ్చడి చేసి తెస్తానంటోంది. ఎలుగుబంట్ల వల్ల ఇబ్బంది ఉంటుందా?

మర్సెడ్ ఒడ్డున:
తప్పకుండా తెమ్మనండి, లోయలో శాకాహారం కోసం వరుసలో నిలబడే పని తప్పుతుంది. పగలు కారులో పెట్టుకోవచ్చు, అద్దాలు పూర్తిగా మూయాలి. చీకటి పడ్డాక మాత్రం తిండి కారులో ఉండకూడదు, గదిలోకి తెచ్చేసుకోండి. వాసన వస్తే చాలు, ఎలుగుబంటి కారు తలుపు పెకలించేస్తుంది. పచ్చడి సీసా ఒక్కటే కాదు, సబ్బు, టూత్‌పేస్టు, అమ్మగారి సంచీలో అగరబత్తులు ఉంటే అవి కూడా తీసేయండి. బాబు కూర్చునే సీటు కింద బిస్కెట్ ముక్కలు పడి ఉంటాయి, వాటినీ దులిపేయండి.